కాలు పొడిగించే ఆపరేషన్ తర్వాత నొప్పి: ఏది మామూలు, ఏది ప్రమాద సంకేతం

క్లుప్తంగా: ఎముకను కోసి, ఆ కొసలను రోజూ కొంచెం కొంచెంగా ఎడం చేసి కాలు పొడిగించే చికిత్సలో ఆపరేషన్ ఒక్క రోజు పని, కోలుకోవడం నెలల తరబడి సాగే పని. ఆ నెలల్లో వచ్చే నొప్పి ఒకటే రకం కాదు. కోసిన ఎముక నొప్పి వేరు, సాగుతున్న కండరం నొప్పి వేరు, నరం నొప్పి వేరు, ఎముకలోకి వేసిన లోహపు పిన్ను దిగిన చోట చర్మం నొప్పి వేరు. కొన్నిటికి మందు చాలు. కొన్నిటికి పొడిగించే వేగం తగ్గించాలి. కొన్నిటికి గంటల్లో ఆస్పత్రికి చేరాలి. ఈ తేడా ముందే తెలిస్తే చాలా సమస్యలు ముదరకముందే దొరుకుతాయి.

ఎత్తు పెంచే ఆపరేషన్ల వీడియోలు ఈమధ్య ఫోన్లలో విరివిగా తిరుగుతున్నాయి. ఆపరేషన్‌కు ముందు ఒక ఫోటో, ఏడాది తర్వాత ఇంకో ఫోటో చూపిస్తారు. మధ్యలో గడిచిన నెలలు వాటిలో కనపడవు. నిజానికి ఈ చికిత్స పుట్టింది ఎత్తు కోసం కాదు. పుట్టుకతోనే ఒక కాలు పొట్టిగా ఉన్న పిల్లలు, చిన్నతనంలో ఎముక పెరిగే భాగానికి దెబ్బ తగిలి ఒక కాలు ఎదగనివాళ్లు, ప్రమాదంలోనో ఇన్ఫెక్షన్ వల్లనో ఎముక ముక్క పోగొట్టుకున్నవాళ్లు దీనికి అసలైన పేషెంట్లు. వాళ్లకైనా, ఎత్తు కోసం చేయించుకునేవాళ్లకైనా ఆ నెలల్లో రోజూ ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ఈ నొప్పి ఉండాల్సిందేనా, లోపల ఏదైనా తేడా జరుగుతోందా? దీనికి జవాబు ఎముక ఎలా పెరుగుతుందో తెలిస్తేనే దొరుకుతుంది.

రోజుకు ఒక్క మిల్లీమీటరు

ఈ పద్ధతికి పునాది వేసినవాడు సోవియట్ డాక్టర్ గావ్రీల్ ఇలిజారోవ్. 1950లలో సైబీరియాలోని కుర్గాన్‌లో, విరిగి అతుక్కోని కాళ్లకు వైద్యం చేస్తూ ఆయన ఒక పరికరం తయారుచేశారు. కాలి చుట్టూ లోహపు రింగులు, వాటి నుంచి ఎముక గుండా బిగుతుగా లాగి కట్టిన సన్నని తీగలు, రింగులను కలిపే మరల కడ్డీలు. కోసిన ఎముక కొసలను నెమ్మదిగా ఎడం చేస్తూ పోతే ఆ ఖాళీలో కొత్త ఎముక పుడుతుందని ఆయన గమనించారు. ఈ పద్ధతి పశ్చిమ ఐరోపాకు, అమెరికాకు చేరేసరికి 1980లు వచ్చాయి.

ఇప్పటికీ క్రమం దాదాపు అదే. ఎముకను కోసిన తర్వాత 5 నుంచి 7 రోజులు, కొందరిలో ఇంకొంచెం ఎక్కువ, కదపకుండా ఉంచుతారు. ఆ విరామంలో కోసిన చోట అతికే ప్రక్రియ మొదలవుతుంది. తర్వాత రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున ఎడం చేస్తారు. దాన్ని కూడా ఒకేసారి చేయరు, పావు మిల్లీమీటరు చొప్పున నాలుగు విడతలుగా పంచుతారు. ఈ వేగం వెనక ప్రయోగాలున్నాయి. ఇలిజారోవ్ కుక్కల మీద పరీక్షించినప్పుడు, రోజుకు అర మిల్లీమీటరు చొప్పున జరిపితే ఎముక తొందరపడి అతుక్కుపోయే ధోరణి కనిపించింది. 2 మిల్లీమీటర్లు జరిపితే కొత్త ఎముక సరిగా రాలేదు, చుట్టూ ఉన్న కణజాలం కూడా దెబ్బతింది. అదే దూరాన్ని ఎంత చిన్న విడతలుగా పంచితే ఫలితం అంత మెరుగ్గా వచ్చింది.

ఈ లెక్కన 5 సెంటీమీటర్లు పొడిగించడానికి 50 రోజులు పడుతుంది. అప్పటికి ఖాళీలో ఉండేది గట్టి ఎముక కాదు. ఎక్స్‌రేలో పల్చటి మబ్బులా కనిపించే లేత ఎముక. అది బరువు మోసే స్థాయికి రావడానికి, పొడిగించడానికి పట్టిన కాలం కంటే ఎక్కువే పడుతుంది. కాలి బయట ఉండే ఇలాంటి రింగుల చట్రంతో, అంటే బయటి ఫ్రేమ్‌తో చేస్తే మొత్తం మీద సెంటీమీటరుకు ఒక నెల అని స్థూలంగా లెక్కేస్తారు, పెద్దవాళ్లలో అంతకు మించి కూడా పట్టవచ్చు. 50 రోజుల్లో అయిపోతుందనుకుని వచ్చినవాళ్లకు ఈ లెక్క ముందే అర్థమయ్యేలా చెప్పకపోవడం వల్ల తర్వాత చాలా టెన్షన్ పడాల్సి వస్తుంది.

అసలు చిక్కు ఎక్కడంటే, ఎముకను కోశారు కాబట్టి అది విడిపోయి జరుగుతుంది. కండరాన్ని, నరాన్ని, రక్తనాళాన్ని, చర్మాన్ని ఎవరూ కోయలేదు. అవి ఉన్న పొడవులోనే సాగి, ఆ సాగుడుకు అలవాటుపడి, నెమ్మదిగా కొత్త కణజాలాన్ని చేర్చుకోవాలి. అవి ఎముకంత వేగంగా సర్దుకోలేవు. ఎంత పొడిగించవచ్చు అన్న ప్రశ్నకు హద్దు గీసేది ఎక్కువగా ఈ మెత్తటి కణజాలమే. కోలుకునే కాలంలో వచ్చే నొప్పిలో పెద్ద వాటా కూడా దానిదే.

సలుపు, తీపు, మంట, తిమ్మిరి

డాక్టరు నొప్పికి పదికి ఎన్ని మార్కులు అని అడుగుతారు. ఆ అంకె కొంతవరకే పనికొస్తుంది. నొప్పికి మన భాషలో ఉన్న మాటలు దానికంటే ఎక్కువ చెబుతాయి. అందుకే ఎంత అనేదానితో పాటు ఎక్కడ, ఎప్పుడు, ఎలాంటిది అన్నది చెప్పగలగడం ఈ చికిత్సలో చాలా ముఖ్యం.

మొదటి మూడు నాలుగు రోజులది ఆపరేషన్ నొప్పి. కోసిన చోట పోటు, వాపు, సలుపు ఉంటాయి. ఇది తీవ్రంగా ఉన్నా రోజురోజుకూ తగ్గుముఖం పట్టాలి. పొడిగించడం మొదలైన తొలి రోజుల్లో చాలామందికి పెద్దగా ఏమీ తెలియదు. వారాలు గడిచి, కండరాల్లో ఉన్న వదులు అయిపోయాక తీపు మొదలవుతుంది. తొడ ఎముకను పొడిగిస్తే తొడ ముందూ వెనకా, కింది కాలిని పొడిగిస్తే పిక్కలో గుంజినట్టు ఉంటుంది. రాత్రిళ్లు పట్టేస్తుంది. ఏ పక్కకు తిరిగి పడుకున్నా కుదరదు. పొడిగించిన దూరం పెరిగేకొద్దీ ఇదీ పెరగడం మామూలే. పొడిగింపు ఆపిన తర్వాత కొన్ని వారాల్లో బాగా తగ్గుతుంది.

మంట, జివ్వుమనడం, సూదులతో గుచ్చినట్టు ఉండటం, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోవడం నరానికి సంబంధించినవి. ఫ్రేమ్ ఉన్నవాళ్లకు ఒక్క పిన్ను చుట్టూ మాత్రమే సలుపు మొదలైతే దాని కథ మళ్లీ వేరు. వీటన్నిటినీ కలిపి ‘కాలు నొప్పి’ అని ఒక్క మాటలో చెబితే, దొరికేది ఒక్క మాత్రే. అది నాలుగింటిలో ఏదో ఒక నొప్పికే పనిచేస్తుంది.

మందులు ఎక్కడిదాకా పనిచేస్తాయి

ఒకే మందును పెద్ద మోతాదులో ఇవ్వడం కంటే వేర్వేరు దారుల్లో పనిచేసే మందులను తక్కువ మోతాదుల్లో కలిపి వాడటం ఇప్పుడు సాధారణ పద్ధతి. పారాసెటమాల్ దీనికి పునాది. దాన్ని టైము ప్రకారం ఇస్తే మిగతా మందుల అవసరం తగ్గుతుంది. మొదటి రోజుల్లో ఓపియాయిడ్లు, అంటే మార్ఫిన్ కోవకు చెందిన బలమైన నొప్పి మందులు, వాడక తప్పకపోవచ్చు. అవి మలబద్ధకం, మగత, వికారం తెస్తాయి. నెలల తరబడి సాగే చికిత్స కాబట్టి అలవాటుపడే ప్రమాదం చిన్నది కాదు. అందుకే ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో మొదటి చీటీలోనే రాసి ఉండాలి. నరం నొప్పికి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ లాంటివి, కండరాలు పట్టేస్తే వాటిని సడలించే మందులు ఇస్తారు. ఇవన్నీ మత్తు కలిగించేవే. ఓపియాయిడ్‌తో కలిస్తే శ్వాస మందగించే ప్రమాదం ఉంది కాబట్టి ఎవరో చెప్పారని సొంతంగా కలిపి వేసుకోకూడదు.

మందుల షాపులో తేలిగ్గా దొరికే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రల దగ్గరే ఎక్కువ అయోమయం ఉంది. ఇవి శరీరంలో వాపు, నొప్పి పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారుకాకుండా అడ్డుకుని వాపును, నొప్పిని తగ్గిస్తాయి. ఎముక అతికే తొలి దశకు కావాల్సింది కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. ఎముక అతకడాన్ని ఇవి ఆలస్యం చేస్తాయని జంతువుల మీద చేసిన పరిశోధనల్లో కనిపించింది. మనుషుల మీద వచ్చిన ఫలితాలు అంత స్పష్టంగా లేవు. కొద్ది రోజుల వాడకంతో పెద్ద నష్టం లేదనే వాదన ఉన్నా, కొత్త ఎముక మీదే మొత్తం ఆధారపడిన ఈ చికిత్సలో చాలామంది సర్జన్లు వీటిని పూర్తిగా దూరం పెడతారు. మామూలు ఒళ్లునొప్పుల మాత్రే కదా అని డాక్టరును అడగకుండా వేసుకోకపోవడమే మంచిది. సిగరెట్ విషయంలో ఈపాటి సందేహం కూడా లేదు. నికోటిన్ రక్తనాళాలను కుదించి ఎముక అతకడాన్ని దెబ్బతీస్తుంది.

మొద్దుబార్చే మందును వెన్ను దగ్గర ఇస్తే (ఎపిడ్యూరల్), లేదా కాలి నరాల దగ్గర ఇస్తే (బ్లాక్) మొదటి ఒకటి రెండు రోజులు హాయిగా గడుస్తాయి. కానీ వీటికీ ఒక చిక్కుంది. కింది కాలిలో కండరాలున్న అరల్లో ఒత్తిడి పెరిగిపోయి రక్తప్రసరణ ఆగే పరిస్థితిని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. దాన్ని పట్టించే మొదటి గుర్తు, గాయానికి మించిన భయంకరమైన నొప్పి. కాలివేళ్లను పట్టుకుని వంచితే ఆ నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. కాలు మొత్తం మొద్దుబారి ఉంటే ఈ గుర్తు ఆలస్యంగా బయటపడవచ్చు. బ్లాక్ ఇచ్చిన కాలును నర్సులు గంటగంటకూ తాకి, వేళ్లు కదిలించి చూసేది అందుకే.

వేగం తగ్గించడమూ ఒక మందే

మందులు పెంచుకుంటూ పోతున్నా తీపు తగ్గకపోతే మిగతా చికిత్సల్లో లేని ఒక వీలు ఇక్కడ ఉంది. నొప్పికి కారణమయ్యే లాగుడు రోజూ మన చేతులతో పెడుతున్నదే. రోజుకు 1 మిల్లీమీటరును ముప్పావుకో అరకో తగ్గించవచ్చు, రెండు మూడు రోజులు పూర్తిగా ఆపవచ్చు, అవసరమైతే కొంచెం వెనక్కి తీసుకోవచ్చు. చాలామంది పేషెంట్లకు ఈ వీలు ఉందనే తెలియదు. నొప్పి చెబితే మందు పెంచుతారు, అంతే కదా అనుకుని ఓర్చుకుంటారు.

మరి అందరికీ మొదటి నుంచీ నెమ్మదిగానే జరపవచ్చు కదా అంటే, అటు పక్కనా గొయ్యి ఉంది. మరీ నెమ్మదిస్తే, ముఖ్యంగా పిల్లల్లో, ఖాళీ అనుకున్నదానికంటే ముందే గట్టిపడిపోతుంది. అప్పుడు మర తిప్పుతున్నా ఎముక జరగదు, ఆ ఒత్తిడంతా పిన్నుల మీద పడుతుంది. మళ్లీ ఎముకను కోయాల్సి వస్తుంది. మరీ వేగంగా పోతే కొత్త ఎముక సన్నబడుతుంది, ఖాళీగా మిగులుతుంది. అందుకే పొడిగించే దశలో వారానికో రెండు వారాలకో ఎక్స్‌రే తీసి, మబ్బు ఎంత చిక్కగా ఉందో చూసి వేగం మారుస్తారు. ఒక పేషెంటుకు సరిపడిన వేగం ఇంకొకరికి సరిపడకపోవచ్చు. ఇంకొకరు రోజుకు ఎంత జరిపారన్నది చూసి సొంతంగా మర తిప్పుకోవడం ఈ చికిత్సలో జరగగల ప్రమాదకరమైన పొరపాట్లలో ఒకటి.

కీళ్లు బిగుసుకుపోవడం

బయటికి కనపడని నష్టం కీళ్లలో జరుగుతుంది. సాగలేకపోయిన కండరం కీలును తన వైపు లాక్కుంటుంది. కింది కాలిని పొడిగించినప్పుడు పిక్క కండరం మడమను పైకి లాగుతుంది. పాదం మునివేళ్ల మీద నిలబడినట్టు కిందికి వంగిపోతుంది, మడమ నేలకు ఆనదు. మోకాలు కూడా పూర్తిగా చాపుకోదు. తొడ ఎముకను పొడిగిస్తే మోకాలు వంగడం తగ్గిపోతుంది. పుట్టుకతో కీళ్లు వదులుగా ఉన్న పిల్లల్లో ఈ లాగుడుకు మోకాలో తుంటో పక్కకు జరిగిపోయే ప్రమాదమూ ఉంది.

దీనికి మందు లేదు. రోజుకు చాలాసార్లు చేసే ఫిజియోథెరపీ, రాత్రిపూట పాదాన్ని నిటారుగా నిలబెట్టే పట్టీ, అవసరమైన చోట ఫ్రేమ్‌ను కీలు దాటించి పాదందాకా పెట్టడం మాత్రమే మార్గాలు. నొప్పికి మందు ఇవ్వడానికి అసలు కారణం కూడా ఇక్కడే ఉంది. నొప్పి భరించలేక వ్యాయామం మానేసినవాడి కీలు బిగుస్తుంది. బిగిసిన కీలును తర్వాత వంచడం ఇంకా నొప్పి. ఈ వలయం తెగాలంటే వ్యాయామానికి అరగంటో గంటో ముందు మాత్ర వేసుకోవడం లాంటి చిన్న సర్దుబాటు బాగా ఉపయోగపడుతుంది. మోకాలు వంగడం వారం వారం తగ్గుతూ పోతుంటే ఎముక ఎంత బాగా వస్తున్నా పొడిగింపు ఆపాల్సి రావచ్చు. అనుకున్న 6 సెంటీమీటర్ల బదులు 4 దగ్గర ఆగి, మామూలుగా వంగే మోకాలితో బయటపడటం ఓటమి కాదు. దీన్ని పేషెంటుకు ముందే చెప్పి ఒప్పించే సర్జన్ మంచి సర్జన్.

పిన్నుల చుట్టూ ఇన్ఫెక్షన్

బయటి ఫ్రేమ్‌తో చాలా తరచుగా వచ్చే ఇబ్బంది ఇదే. చర్మాన్ని చీల్చుకుని నెలల తరబడి లోహం బయటికి ఉంటుంది. కాలు పొడుగవుతున్నకొద్దీ చర్మం, కండరం ఆ పిన్ను చుట్టూ ఒరుసుకుంటాయి. కొంచెం పల్చటి స్రావం మామూలే. చర్మం ఎర్రబడి, తాకితే నొప్పిగా ఉండి, చీము కనిపిస్తే ఇన్ఫెక్షన్. శుభ్రత పెంచి, నోటితో వేసుకునే యాంటీబయాటిక్ ఇస్తే చాలావరకు అక్కడితో తగ్గుతుంది. పిన్ను వదులైపోతే, ఇన్ఫెక్షన్ ఎముకదాకా పాకితే దాన్ని తీసి మరోచోట వేయాలి. శుభ్రం చేయడానికి ఏ ద్రావణం వాడాలి, రోజూనా వారానికోసారా అన్న విషయంలో ఆస్పత్రికో పద్ధతి ఉంటుంది. తమ ఆస్పత్రి చెప్పినదాన్ని తప్పకుండా పాటించడమే మేలు.

ఫ్రేమా, లోపలి నెయిలా

ఎముక మూలుగ గొట్టంలో అమర్చే, పొడవు పెరిగే లోహపు కడ్డీలు, అంటే నెయిల్స్ వచ్చాక చిత్రం మారింది. అమెరికాలో 2011లో అనుమతి పొందిన ప్రిసైస్ నెయిల్‌లో ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది. కాలి మీద పెట్టే పరికరం బయటి నుంచి దాన్ని తిప్పుతుంది. చర్మం గుండా పిన్నులు లేవు కాబట్టి పిన్ను ఇన్ఫెక్షన్ల బాధ లేదు, కండరం పిన్నుకు ఒరుసుకునే నొప్పీ లేదు. నిద్ర, బట్టలు, స్నానం అన్నీ సులువు.

కానీ కండరానికి, నరానికి బయటి నుంచి లాగినా లోపలి నుంచి లాగినా తేడా తెలియదు. కీళ్ల బిగుతు, నరం లాగుడు, ఎముక ఆలస్యంగా రావడం నెయిల్‌తోనూ ఉంటాయి. కొత్త ఇబ్బందులు కొన్ని చేరతాయి. మూలుగ గొట్టాన్ని తొలిచేటప్పుడు కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం అరుదైనా తీవ్రమైనది. రెండు కాళ్లకూ ఒకేసారి చేస్తే అది పెరుగుతుంది. బలమైన రింగుల ఫ్రేమ్‌తో మొదటి నుంచీ కొంత బరువు వేసి నడవవచ్చు. అయస్కాంతపు నెయిల్ మీద, దాని మందాన్ని బట్టి, కొంత బరువే వేయాలి. అది మరిచిపోయి నడిస్తే నెయిల్ వంగవచ్చు, విరగవచ్చు. నెయిల్ లోపల ఉన్నంతకాలం ఎంఆర్ఐ తీయించుకోకూడదు. ఎక్కువ బరువు మోసేలా ఉక్కుతో చేసిన స్ట్రైడ్ అనే నెయిల్‌ను, తుప్పు, దాని పక్కన ఎముకలో మార్పులు బయటపడటంతో 2021లో తయారీదారు వెనక్కి తీసుకున్నారు. ఆ నెయిల్ పెట్టించుకున్నవాళ్లలో కొందరికి ఎముక వచ్చేసిన తర్వాత కొత్తగా నొప్పి మొదలైంది. నొప్పి ఉండకూడని సమయంలో వచ్చిన నొప్పి విలువ ఏమిటో దీన్నిబట్టి తెలుస్తుంది.

కాంప్లికేషన్ల అంకెలు చదివేటప్పుడు

ఒక ఆస్పత్రి తమ దగ్గర కాంప్లికేషన్లు బహు తక్కువ అంటుంది. ఒక పరిశోధన వ్యాసం దాదాపు ప్రతి పేషెంటుకూ ఏదో ఒకటి వచ్చింది అంటుంది. రెండూ అబద్ధం కాకపోవచ్చు, లెక్కపెట్టిన విధానం వేరు. 1990లో ఎముకల సర్జన్ డాక్టర్ డ్రోర్ పేలీ వీటిని మూడుగా విడదీశారు. ఆపరేషన్ లేకుండా సర్దుబాటయ్యేది ఇబ్బంది. ఇంకో ఆపరేషన్‌తో సర్దుబాటయ్యేది ఆటంకం. చికిత్స ముగిసినా మిగిలిపోయేది అసలైన కాంప్లికేషన్. పిన్ను దగ్గర ఎర్రబడటం మొదటిది, ముందే గట్టిపడిన ఎముకను మళ్లీ కోయడం రెండోది, శాశ్వతంగా వంగని మోకాలు మూడోది. అడగాల్సిన ప్రశ్న మీ దగ్గర ఎంతమందికి సమస్య వచ్చింది అని మాత్రమే కాదు. ఎంతమందికి అనుకోని ఆపరేషన్ చేయాల్సి వచ్చింది, ఎంతమందికి లోపం మిగిలిపోయింది అన్నవి వేరుగా అడగాలి. చైనా 2006లో కేవలం ఎత్తు కోసం చేసే ఆపరేషన్లను నిషేధించింది. అనుభవం, తదుపరి పర్యవేక్షణ లేని చోట్ల జరిగిన ఆపరేషన్లలో మూడో రకం ఫలితాలు మిగలడమే దానికి నేపథ్యం.

ఆగకుండా వెళ్లాల్సిన సందర్భాలు

పాదం పైభాగంలో తిమ్మిరి, బొటనవేలిని పైకి ఎత్తలేకపోవడం, నడిస్తే పాదం కిందికి వేలాడిపోవడం మోకాలి పక్కనుంచి వెళ్లే నరం దెబ్బతింటోందని చెబుతాయి. ముందు మంట, తిమ్మిరి వస్తాయి, బలహీనత తర్వాత వస్తుంది. తిమ్మిరి దశలోనే వేగం తగ్గిస్తే చాలావరకు కోలుకుంటుంది. తగ్గించినా పెరుగుతుంటే నరం మీది ఒత్తిడి తీసే ఆపరేషన్ త్వరగా చేయాలి. నొప్పి తగ్గి తిమ్మిరి మిగిలిందంటే హమ్మయ్య అనుకోకూడదు, ఆ రోజే ఫోన్ చేయాలి.

పిక్క గట్టిపడి వాచి, నొక్కితే నొప్పి ఉంటే సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. కండరాల తీపుతో దీన్ని పొరబడటం చాలా తేలిక. ఒక కాలు రెండోదానికంటే ఉన్నట్టుండి లావైతే అనుమానించాలి. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తాయి. అప్పుడు ఎంత త్వరగా ఎమర్జెన్సీకి చేరితే అంత మంచిది. చలి జ్వరంతో కూడిన సలుపు, పాదం చల్లబడి పాలిపోవడం, మందుకు లొంగకుండా గంటగంటకూ పెరిగే నొప్పి కూడా ఇదే కోవలోకి వస్తాయి.

నిద్ర సంగతి ఈ జాబితాలో లేకపోయినా వదిలేయదగ్గది కాదు. వారాల తరబడి నిద్ర లేని శరీరం అదే నొప్పిని ఎక్కువగా అనుభవిస్తుంది. నలుగురిలోకి వెళ్లలేక, పనికో బడికో దూరమై, ఇంకా ఎన్ని నెలలో తెలియక దిగులుపడటం చాలామందిలో కనిపిస్తుంది. ఆ దిగులు గురించి డాక్టరు అడగకపోతే పేషెంటే చెప్పాలి. దానికీ చికిత్స ఉంది.

ఫ్రేమ్ తీసేసిన తర్వాత

ఎక్స్‌రేలో కొత్త ఎముక చుట్టూ నాలుగు అంచుల్లో కనీసం మూడు గట్టిపడినట్టు కనిపించాకే సాధారణంగా ఫ్రేమ్ తీస్తారు. అప్పటికి పేషెంటు అలసిపోయి ఉంటాడు, ఇంట్లోవాళ్లూ అలసిపోయి ఉంటారు. ఇంకో నెల ఉంచుదామంటే ఎవరికీ నచ్చదు. కానీ తొందరపడి తీస్తే కొత్త ఎముక నెమ్మదిగా వంగిపోవచ్చు, చిన్న జారుడుకే విరగవచ్చు. మొదటి వారాల్లో చేతికర్రలతో, డాక్టరు చెప్పినంత బరువుతోనే నడవాలి. నడిచినప్పుడు కండరాల్లో అలసట నొప్పి రావడం సహజం, విశ్రాంతితో తగ్గుతుంది. పొడిగించిన చోట మాత్రమే, కాలు ఆన్చిన ప్రతిసారీ కలుక్కుమంటుంటే, లేదా కాలు ముందటికంటే కొంచెం వంకరగా కనిపిస్తుంటే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు. బరువు వేయడం అక్కడికక్కడే ఆపి, అదే రోజు ఎక్స్‌రే తీయించాలి.